విధికి ఒక దీర్ఘం

ఆ రోజుల్లో మా ఈడు కుర్రాళ్ళకి అదృష్టవంతుడు అనిపించుకోవడం కొంచెం నామోషీగా ఉండేది. నేను చెబుతున్నది తొంభైల మాట. సినిమాకి వెళితే మొదటి రీలులో హీరో తండ్రి పోయేవాడు, రెండో రీలులో తల్లికి దగ్గు మొదలయ్యేది (సినిమాలో దగ్గు అంటే మిరియాల కషాయంతో తగ్గేది కాదు, ఒకసారి దగ్గిన తల్లి మళ్ళీ లేచి పొయ్యి ముట్టించిన దాఖలా నేను చూడలేదు), మూడో రీలుకల్లా చెల్లెలికి కళ్ళు పోయేవి, సరిగ్గా ఇంటర్వెల్ ముందు హీరోకి ఒక్క నిమిషంలో రైలు తప్పిపోయేది. ఇంటికొచ్చి అద్దె పుస్తకాల కొట్లో తెచ్చుకున్న నవల తెరిస్తే అక్కడా అదే వరస. విధి వక్రించేది, విధి వెక్కిరించేది, విధి వంచించేది. రేడియో పెడితే పాటల్లో బ్రహ్మదేవుడికి చీవాట్లు, తలరాతకి శాపనార్థాలు. నక్కతోక తొక్కి పుట్టినవాడి గురించి ఎవరూ పాట రాయరు, రాసినా ఎవరూ పాడుకోరు. ఇంత దురదృష్టం మధ్య పెరిగిన కుర్రాడు తనకి ఏ కష్టమూ లేదని ఎలా ఒప్పుకుంటాడు చెప్పండి.

నాకొచ్చిన చిక్కల్లా అదే, నాకు ఏ కష్టమూ లేదు. సాలూరు దగ్గర పల్లెలో మాది కాస్త పొలం ఉన్న కుటుంబం. మా నాన్న రాయిలా ఉండేవాడు. మా అమ్మకి ఎప్పుడూ దగ్గు వచ్చిన పాపాన పోలేదు, పైగా ఆవిడ గొంతు నాలుగు వీధుల అవతలికి వినిపించేది. ప్రేమలో ఓడిపోదామంటే ముందు ఎవరో ఒకరు ప్రేమించాలి కదా, నేను ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. అయినా పట్టు వదలకుండా గెడ్డం పెంచాను. పార్వతీపురంలో ఒక కొట్టువాడి చేత రెండు వైపులా ఏడుపు పాటలే రికార్డు చేయించిన కేసెట్టు ఒకటి సంపాదించాను. నా టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోతున్నప్పుడు గాయకుడి గొంతు సాగి సాగి మరింత బరువెక్కేది. అది నాకు చాలా బాగుండేది. బ్యాటరీలని ఎండలో పెట్టి మళ్ళీ కాస్త ప్రాణం పోసి, మళ్ళీ అంతంత మాత్రంగా ఉండగానే వినేవాడిని.

అలాంటి సమయంలో విధి నిజంగానే నన్ను కరుణించింది. టీచరు ఉద్యోగానికి రాస్తే టౌనులో ఉన్న ఒక్క ఖాళీ నా ముందువాడికి పోయి, నన్ను అరకు అవతల కొండల్లో ఒక చిన్న ఊరి బడికి వేశారు. ఇంట్లో అందరూ ఉద్యోగం వచ్చిందని పాయసం వండుకుంటుంటే నేను మాత్రం దొడ్లోకి వెళ్ళి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను. చివరికి నాకూ ఒక దెబ్బ తగిలింది. (లోపల ఎంత సంతోషించానో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.) రైలు దిగి, జీపు ఎక్కి, జీపు దిగి, మూడు మైళ్ళు నడిచి ఊరు చేరేసరికి మంచు కొండ మీంచి దిగి కాఫీ తోటల మీద పరుచుకుంటోంది. కింద గెడ్డ (కొండవాగుని మా వైపు అలాగే అంటారు) నీళ్ళ చప్పుడు. ఎవరైనా అబ్బా అనుకునే చోటు. నేను మాత్రం, ఇదా నా సమాధి, అనుకున్నాను.

బడికి అప్పటికి ఒక్కరే టీచరు, పెద్ద మాష్టారు. పార్వతీపురం మనిషి, పదేళ్ళుగా అక్కడే ఉన్నారు. ముఖం ఎప్పుడూ గంభీరంగా ఉండేది గాని, ఆ గాంభీర్యం వెనక ఏముందో ఎవరికీ అంతుపట్టేది కాదు. నన్ను ఎగాదిగా చూసి, "ఏటయ్యా, మొక్కుబడా లేక దోమలా, ఆ గెడ్డం దేనికి" అన్నారు. నేను బరువుగా నిట్టూర్చి, "విధి మాష్టారూ" అన్నాను.

అదే మాట బడిలో వంట చేసే పెద్దమ్మ అడిగినప్పుడూ చెప్పాను. ఆవిణ్ణి అందరూ అంబలి పెద్దమ్మ అనేవారు. ఎవరు కనిపించినా ముందు సొరకాయ బుర్రలోంచి చోడి అంబలి (రాగి అంబలే) వంచి ఇచ్చి, తరువాతే మాట్లాడేది. "ఇంత దూరం కొండకి నిన్నెవులు పంపినారు బావూ" అంది. నేను అంబలి గిన్నె పక్కన పెట్టి, కొండ వైపు చూస్తూ, "విధి, పెద్దమ్మా" అన్నాను.

"ఏ వీధి బావూ? గూడెం కొత్తవీధా? మా ఆడపడుసుని ఆ ఊరే ఇచ్చినాం."

కాదు, విధి, అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. తలరాత అన్నాను, నుదుటి గీత అన్నాను. ఆవిడ నా నుదురు పరీక్షగా చూసి, అక్కడ ఏమీ కనిపించక, "ఎండకి తిరక్కు" అని సలహా ఇచ్చింది. ఆ సాయంత్రానికి ఊరంతా నేను కొత్తవీధి మనిషినని, అక్కడ ఏదో గొడవ పడి వచ్చానని చెప్పుకున్నారు. నాకు వీధి మాష్టారు అని పేరు పడింది. తెలుగు చెప్పడానికి వచ్చినవాడికి పేరులోనే దీర్ఘం తప్పు రావడం కంటే దురదృష్టం ఏముంటుంది? గోరుచుట్టు మీద రోకటి పోటు అనుకుని ఆ రోజు రెండు వైపులా కేసెట్టు విన్నాను.

తొమ్మిది నెలలు అలాగే గడిచాయి. గడిచాయి అనడం కూడా అబద్ధమే, హాయిగా గడిచాయి అనాలి. పిల్లలు చురుకైనవాళ్ళు, గుణింతం వారంలో పట్టేశారు (ఒక్క గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య మాత్రం గట్టు లేకుండా అటూ ఇటూ దూకేవారు). గుమ్మంలోకి ఎవరో ఒకరు పనసకాయో, కందికాయలో తెచ్చి పెట్టేవారు. నేను రెండు కిలోలు బరువు పెరిగాను. విషాద నాయకుడు బరువు పెరగడం ఎక్కడైనా విన్నారా? అమ్మకి "నేను ఏకాంతంలో కుమిలిపోతున్నాను" అని ఉత్తరం రాస్తే, "చలి ఎక్కువట, స్వెట్టరు పంపాను, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి పెట్టు" అని జవాబు వచ్చింది. ఇలా అయితే నా బతుకు ఒక కథ కాకుండానే తెల్లారిపోతుందని భయం పట్టుకుంది. ఒకరోజు కూర్చుని రాజీనామా రాసేశాను. "విధి వక్రించినందున ఇకపై విధులు నిర్వర్తించలేను" అని మొదలుపెట్టి పేజీ నింపాను.

పెద్ద మాష్టారు దాన్ని కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివారు. "విధి అన్న మాట పదకొండు సార్లు రాశావు. కారణం ఒక్కసారీ రాయలేదేటి" అన్నారు. తరువాత కళ్ళజోడు తీసి, మొదటిసారి నాతో వేళాకోళం లేకుండా మాట్లాడారు. "చూడవోయ్. నువ్వు రాక ముందు ఐదు తరగతులూ ఒక్కడినే చెప్పేవాణ్ణి. ఒక మూల వాళ్ళకి ఎక్కాలు చెబుతుంటే ఇంకో మూల వాళ్ళు కొండెక్కిపోయేవారు. నువ్వు వెళ్ళిపోతే ఈ పోస్టులోకి ఇంకొకడు రాడు. నిన్ను ఆపను. కాని పిల్లల చేత నాటకం వేయిస్తానన్నావు కదా, అది వేయించి వెళ్ళు. పండగ రోజున వేద్దాం. అది అయ్యాక ఈ కాగితం పైకి పంపుతాను." కాగితం మడిచి ఇంకుబుడ్డి కింద పెట్టారు.

నాటకం మాట నిజమే. ఆ తొమ్మిది నెలల్లో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే. పేరు "విధి". చూసిన సినిమాలు, చదివిన నవలలు, విన్న పాటలు అన్నిట్లోని దురదృష్టాలనీ ఏరి ఒక్క మనిషి నెత్తిన పెట్టాను. తల్లి దగ్గి దగ్గి చచ్చిపోతుంది, గాలివానకి పాక కూలిపోతుంది, పట్నం వెళ్ళే రైలు ఒక్క నిమిషంలో తప్పిపోతుంది, చివరికి నాయకుడు సర్వం కోల్పోయి సొంత ఊరికి తిరిగొచ్చి కుప్పకూలిపోతాడు. నాయకుడి వేషం నాదే, గెడ్డం సిద్ధంగా ఉంది కనక. మనసులో ఒక పంతం పెట్టుకున్నాను. ఈ ఊరివాళ్ళ కళ్ళలో ఒక్క చుక్క నీరు తెప్పిస్తే చాలు, నేను నిజంగా దురదృష్టవంతుణ్ణని తేలిపోతుంది, తలెత్తుకుని కొండ దిగిపోవచ్చు. ఆ చుక్క కూడా రాకపోతే ఇక నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

చివరి ఘట్టంలో "రిక్తహస్తాలతో వచ్చాను తల్లీ" అని రాసుకున్నాను. పెద్ద మాష్టారు రిహార్సలు చూసి, "రిక్తహస్తాలంటే ఇక్కడెవరికి బోధపడుతుంది? ఉత్త చేతులతో అను. మూడుసార్లు అను, గుండెకి తగులుతుంది" అన్నారు. మంచి సలహా అనిపించి దిద్దుకున్నాను.

ఇక్కడ పండగ సంగతి చెప్పాలి. చైత్రంలో అక్కడ ఇటుకల పండగ చేస్తారు. ఆ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఏదో ఒకటి కొట్టి తెచ్చినవాడికి మర్యాద. ఏమీ లేకుండా వచ్చినవాడి కోసం ఆడవాళ్ళు ఊరి మొదట్లో పేడ నీళ్ళ కుండలు పట్టుకుని కాచుకుని ఉంటారు. పెద్దవాడు, చిన్నవాడు అని చూడరు, నిలువునా తడిపి నవ్వుతారు. తడిసినవాడూ నవ్వుతాడు. పండగ మొదలవుతూనే పెద్ద మాష్టారు నాకు చెప్పారు కూడా. "ఈ నాలుగు రోజులూ ఊళ్ళోకి వట్టినే రాకు. కనీసం ఒక మామిడి పిందైనా చేత్తో పట్టుకో." నేను విన్నాను, వెంటనే మరిచిపోయాను. ఆ రోజుల్లో నాకు నా దుఃఖం తప్ప ఇంకేదీ గుర్తుండేది కాదు.

నాటకం మధ్యాహ్నం పెట్టుకున్నాం. వెళ్ళి చూద్దును కదా, బడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. చుట్టుపక్కల మూడు ఊళ్ళవాళ్ళు పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నారు, నలుగురు డప్పులు కూడా తెచ్చుకున్నారు. నా పేరు ఇంత దూరం పాకిందా అని పొంగిపోయాను. అప్పుడు కనిపించింది, బడి గోడకి అంటించిన కాగితం. పెద్ద మాష్టారి గుండ్రటి అక్షరాలతో, "పండగ రోజు మధ్యాహ్నం బడి దగ్గర వీధి నాటకం, అందరూ రావాలి". విధి మీద గుడి ఉండాల్సిన చోట నిక్షేపంగా గుడిదీర్ఘం ఉంది. వీధి నాటకం అంటే మా ప్రాంతంలో ఎలా ఉంటుందో తెలుసు కదా. పాట, ఆట, డప్పు, హాస్యగాడు, మధ్య మధ్య చూసేవాళ్ళు కూడా లేచి నాలుగు మాటలు కలుపుతారు. వీళ్ళంతా దానికోసం వచ్చారు. దరిద్రుడు తల కడగబోతే వడగళ్ళ వాన అని ఊరికే అనలేదు. వెళ్ళి మాష్టారిని అడిగితే, "నేను సరిగ్గానే రాశానే, ఆ దీర్ఘం ఎలా వచ్చిందో" అని ముఖం మామూలుగా పెట్టారు.

చేసేదేముంది, మొదలుపెట్టాం. తల్లి వేషం ఐదో తరగతి కుర్రాడిది, అంబలి పెద్దమ్మ మనవడే. చీర కట్టి, మంచం మీద పడుకోబెట్టాం. వాడు ప్రాణం పెట్టి దగ్గాడు. నేను పక్కన మోకాళ్ళ మీద కూలబడి, "అమ్మా, విధి నిన్ను నా నుంచి లాక్కుంటోందా" అన్నాను. అంతలో జనంలోంచి అంబలి పెద్దమ్మ లేచి నిలబడింది.

"దగ్గుకి కరక్కాయ ముక్క బుగ్గనెట్టుకుంటే పోయీది గదా. ఎవుల్నీ అడగనేదేటి బావూ? మాయింట్లో బుట్టెడున్నాయి."

నేను వినిపించుకోనట్టు నటించి, తల్లిని చంపేశాను. పెద్దమ్మ ఊరుకోలేదు, ముందుకొచ్చి మనవడి నోట్లో కరక్కాయ ముక్క పెట్టబోయింది. చచ్చిపోయిన తల్లి లేచి కూర్చుని, "నాను నిజంగా సావనేదు మామ్మా, నాటకంలోనే సచ్చిపోనాను" అంది. "నాటకంలోనైనా ఎందుకు సావాల" అని ఆవిడ వెళ్ళి కూర్చుంది. డప్పు వాయించేవాడికి ఇది హాస్య ఘట్టం అనిపించినట్టుంది, రెండు దెబ్బలు కొట్టాడు.

తరువాత పాక కూలింది. (రెండు వెదురు బద్దలు, ఒక తాటాకు, లాగడానికి తాడు. సరిగ్గా సమయానికే కూలింది, నా బతుకులో సవ్యంగా జరిగిన పని అదొక్కటే.) "నాకు నిలువ నీడ లేదు, లోకమంతా వెలి వేసింది" అని నేను దిక్కులు చూస్తుంటే, ముందు వరసలో చుట్ట కాల్చుకుంటున్న ఒక ముసలాయన అడిగాడు.

"ఆడి ఊర్లో మనుసులు నేరా?"

నాటకంలో లేని ప్రశ్న అది. నేను బిక్కమొహం వేశాను. "ఉన్నారు" అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

"ఉంటే పాక ఎందుకు కట్టనేదు? మావైతే ఊరంతా కూడితే పొద్దుగూకే లోపల కట్టీమా? ఏ ఊరు బావూ అది? పాపం, ఆణ్ణి మా ఊరొచ్చీమను."

వెనక నుంచి ఇంకో ఇద్దరు, మా ఊరికీ రావచ్చన్నారు. ఒకాయన వెదురు ఇస్తానన్నాడు. నేను చదివిన నవలలు గుర్తుకు తెచ్చుకున్నాను. నిజమే, వాటిలో నాయకుడికి పక్కింటివాళ్ళెవరూ ఉండరు. విధి ఒక్కతే ఉంటుంది. ఇన్నేళ్ళు చదివి నేను గమనించని సంగతి చుట్ట ముసలాయన ఒక్క మాటలో పట్టేశాడు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చి, గబగబా రైలు ఘట్టంలోకి దూకాను. పిల్లలు కూత వేశారు, రైలు వెళ్ళిపోయింది, "ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషంలో నా బతుకు పట్టాలు తప్పింది" అని నేను చేతులు చాపాను. "రేపు మళ్ళా వస్తాది గదా రైలు" అంది ఎవరో ఆడమనిషి, ఎంతో ఓదార్పుగా. అరకు పాసింజరు రోజూ వస్తుంది, ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అప్పటికే జనం నవ్వాపుకోలేకపోతున్నారు. నాకు మాత్రం లోపల నిజంగానే ఏడుపు వస్తోంది. ఒక్క కన్నీటి చుక్క చాలనుకున్నాను, అది నా కంట్లోంచే రాబోతోంది.

మిగిలింది చివరి ఘట్టం. ఉన్న శక్తి అంతా కూడగట్టుకున్నాను. చింపిరి జుట్టు, చిరిగిన చొక్కా, రెండు చేతులూ ముందుకు చాపి, జనం మధ్యలోంచి తూలుతూ నడిచి వచ్చాను. డప్పు ఆగింది, నవ్వులు ఆగాయి, పిల్లలు కూడా కదలడం మానేశారు. హమ్మయ్య, తగిలింది, అనుకున్నాను. "తల్లీ, నీ కొడుకు ఊరికి తిరిగొచ్చాడు" అన్నాను. "ఉత్త చేతులతో వచ్చాను." ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఉత్త చేతులతో వచ్చాను తల్లీ." అంబలి పెద్దమ్మ లేచింది. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు తీస్తోందనుకున్నాను, ఆవిడ కొంగు నడుముకి దోపింది. "ఉత్త చేతులతో..." అని మూడోసారి నేను కళ్ళు మూసుకుని గొంతు ఎత్తేసరికి, బడి గోడ పక్కన పొద్దుటి నుంచి మిగిలి ఉన్న పేడ నీళ్ళ కుండ నా నెత్తిన పడింది.

కుండ కాదు, కుండలోని నీళ్ళు. తరువాత రెండో కుండ, మూడో కుండ. ఊళ్ళోని ఆడవాళ్ళందరూ వచ్చేశారు. కళ్ళు తెరుద్దామంటే తెరవనివ్వలేదు. చుట్టూ మూడు ఊళ్ళ నవ్వు, దాని మీద డప్పులు. నేను కొన్ని క్షణాలు అలాగే చేతులు చాపుకుని విషాద నాయకుడిలా నిలబడ్డాను. గెడ్డంలోంచి పేడ నీళ్ళు చొక్కాలోకి దిగుతుంటే ఎంతసేపని నిలబడతాం? ముందు కడుపులో ఏదో కదిలింది, అది ఏడుపేమో అనుకున్నాను, తీరా బయటికి వచ్చాక చూస్తే నవ్వు. ఆ ఊరికి వచ్చిన తొమ్మిది నెలల్లో నేను నోరారా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ మాష్టారి వైపు చూశాను. ఆయన పంచె పేడ పడకుండా ఎత్తి పట్టుకుని, ముఖం మామూలుగా పెట్టుకుని కూర్చున్నారు.

నన్ను గెడ్డకి తీసుకెళ్ళి కడిగారు. ఎన్ని నీళ్ళు పోసినా గెడ్డం మాత్రం శుభ్రపడలేదు. చివరికి మాష్టారే తన బ్లేడు, సబ్బు తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టి గీసేశారు. రెండేళ్ళు పెంచిన విషాదం నీళ్ళలో కొట్టుకుపోయింది. అద్దం చూపిస్తే బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. అంబలి పెద్దమ్మ నన్ను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. నేను బెట్టుగా, "నా మీద ఎందుకు పోశావు పెద్దమ్మా, నేను వేటకి వెళ్ళలేదు కదా" అన్నాను.

"ఉత్త సేతులతో వచ్చినానని నువ్వే మూడుసార్లు సెప్పినావు గదా బావూ" అంది. ఆ పైన, మరేమీ విశేషం చెప్పనట్టే చెప్పింది. "పండగనాడు పరాయోళ్ళనైతే దారికి అడ్డంగా కర్ర ఎట్టి సందా అడుగుతాం. పేడ నీళ్ళు మా మగోళ్ళకే పోస్తాం. పరాయోళ్ళ మీద పోస్తే బాగుంటాదేటి?"

తొమ్మిది నెలలుగా నేను వెలివేయబడ్డవాణ్ణని టేపు వేసుకుని వింటూ కూర్చున్నాను. ఆ తొమ్మిది నెలలూ వీళ్ళు నన్ను తమ మనిషి కిందే లెక్క వేసుకుని, గుమ్మంలో పనసకాయలు పెట్టి వెళుతున్నారు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

తరువాత భోజనం. ఆ ఏడు ఊరంతటికీ దొరికింది ఒకే ఒక్క కుందేలు. అయినా అక్కడి పద్ధతి ప్రకారం కొట్టినవాడికీ, కొట్టనివాడికీ, పేడ నీళ్ళలో తడిసినవాడికీ వాటా ఒకటే. చుట్ట ముసలాయన ఒక్కో ఆకులో ఒక్కో ముక్క పెట్టుకుంటూ వచ్చి నా దగ్గర ఆగి, "వీధి మాష్టారి వాటా" అన్నాడు. ఆకులో చూస్తే కుందేలు చెవిలో సగం ఉంది. మిగతా సగం మాష్టారి ఆకులో ఉంది. అంత రుచైన చెవి నేను మళ్ళీ తినలేదు. తరువాత థింసా నాట్యంలో నన్నూ లాగి చేతులు పట్టుకున్నారు, నేను అటు ముగ్గురి కాళ్ళు, ఇటు ముగ్గురి కాళ్ళు తొక్కాను.

మర్నాడు బడిలో మాష్టారి ఎదురుగా నిలబడి నీళ్ళు నమిలాను. "ఆ కాగితం..." అన్నాను.

"ఏ కాగితం? ఓ, అదా." ఆయన వెళ్ళి గోడ మీది నాటకం నోటీసు జాగ్రత్తగా ఊడదీసి తెచ్చారు. పేడ నీళ్ళకి సగం చెరిగిపోయింది. తిప్పి చూపించారు. వెనక నా రాజీనామా. "ఆఫీసు నుంచి తెల్ల కాగితాలు రాలేదయ్యా. ఒక వైపు ఖాళీగా ఉందని దీని మీద రాశాను. ఇప్పుడిలా పేడ పాలైంది. దీన్ని పైకి ఎలా పంపేది? మళ్ళీ రాసిస్తానంటే కాగితాలు తెప్పిస్తాను, వేసవి సెలవులు అయ్యాక."

నాకు తొందరేమీ లేదన్నాను. ఆ కాగితాలు వచ్చాయో లేదో నేను మళ్ళీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ బడిలో పదకొండేళ్ళు ఉన్నాను. మాష్టారు రిటైరై కొండ దిగే రోజున, రైలు దగ్గర ధైర్యం చేసి అడిగాను, ఆ దీర్ఘం మీరే పెట్టారా అని. "గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియని పిల్లలున్న బడి, ఎవడు పెట్టాడో" అని కిటికీలోంచి చెయ్యి ఊపారు. రైలు కదిలిపోయింది. ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే చెప్పేవారేమో, నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు సాలూరులో నన్నే పెద్ద మాష్టారు అంటున్నారు. ఆ కాగితం నా బీరువాలో ఉంది, వాసన పోయింది. అలవాటు ఒకటి మాత్రం పోలేదు, ఎక్కడికి వెళ్ళినా ఇంటికి వట్టినే రాను. ఏమీ దొరక్కపోతే బడి కాంపౌండులోని చెట్టు నుంచి రెండు కరివేపాకు రెబ్బలైనా తుంచుకొస్తాను. మా ఆవిడ మొదట్లో ప్రేమ అనుకుంది, తరువాత పిచ్చి అనుకుంది, ఒకరోజు కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పించుకుంది. మొన్న సాయంత్రం గొడుగు ఎక్కడో మరిచిపోయి, బస్సు తప్పిపోయి, చెప్పు తెగి, కుంటుకుంటూ ఇల్లు చేరాను. అదే ఆ గెడ్డం కుర్రాడైతే పేజీ నిండా విధిని తిట్టే రోజు. వాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను, వాడి మీద కాస్త జాలి కూడా వేసింది, ఎంత కష్టపడేవాడు పాపం దురదృష్టం కోసం. గుమ్మం దగ్గరికి వచ్చాక చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. మా ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. నేను చేతులు చాపి, "ఉత్త చేతులతో వచ్చాను" అన్నాను. ఆవిడ చెంబులో మిగిలిన నీళ్ళు నింపాదిగా నా కాళ్ళ మీద పోసి, "వాటా ఉంది, లోనికి రండి" అంది.